కష్టకాలంలో జవాబు దొరికే ప్రశ్న

నెల్లూరులో ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా ఐసీయూ బయట ఒక వరస కుర్చీలు కనిపిస్తాయి. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి, అటు కందుకూరు, కనిగిరి పల్లెల నుంచి వచ్చిన పేషెంటు తాలూకు వాళ్లు రాత్రీ పగలూ అక్కడే కూర్చుంటారు. ఒక చేతిలో స్కానింగ్ రిపోర్టుల కవరు, ఇంకో చేతిలో ఫోను. వాళ్ల బుర్రలో తిరిగేవన్నీ ప్రశ్నలే. మనిషి ఎప్పుడు కళ్లు తెరుస్తాడు, ఇంకా ఎన్నాళ్లు ఉంచుతారు, బిల్లు ఎంతవుతుంది, ఇంటి దగ్గర గొడ్లకు మేత ఎవరు వేశారు. ఫోన్ చేసిన చుట్టాలు కూడా అవే అడుగుతారు. "ఎట్టుంది? డాక్టరు ఏమన్నాడు?" వీటిలో ఒక్కదానికీ ఆ పూటకు జవాబు ఉండదు. జవాబు లేని ప్రశ్నలను రోజుకు ఇరవై సార్లు వినడంలోనే మనిషి సగం అలిసిపోతాడు.

అలాంటి చోట పక్కన కూర్చున్న మేనల్లుడు ఉన్నట్టుండి, "మామా, బ్రెజిల్ దేశంలో ఆవుల జాతికి నెల్లూరు పేరు పెట్టుకున్నారంట, ఎందుకో తెలుసా?" అంటాడనుకుందాం. మామ మొదట విసుక్కుంటాడు. కాసేపాగి, "పోయింది ఒంగోలు గిత్తలు గదా, నెల్లూరు పేరెందుకు?" అంటాడు. ఆ మాట అన్నాడంటే ఆయన మనసు ఆ కుర్చీలోంచి లేచి కాస్త బయటికి వెళ్లినట్టే.

ఆ ప్రశ్నకు జవాబు కూడా తేలిగ్గా వదిలేయదగింది కాదు. ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దంలోనే సముద్రం దాటి బ్రెజిల్ చేరాయి. మండే ఎండను తట్టుకుంటాయి, తక్కువ మేతతో బతుకుతాయి, జబ్బులు తక్కువ. అక్కడ బాగా కలిసొచ్చాయి. ఈనాడు బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఈ రక్తమే. వాటిని అక్కడ 'నెలోర్' అంటారు. కారణం సులువే. అవి ఓడ ఎక్కిన కాలంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అందులోకి వెళ్లింది. 1970లో గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి ప్రాంతాలు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి ప్రాంతాలు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. జిల్లా ఇన్నిసార్లు మారింది గానీ, భూగోళానికి అటు పక్కన ఉన్న ఆవు మాత్రం పాత జిల్లా పేరే మోస్తోంది. ఒంగోలు వాళ్లూ నెల్లూరు వాళ్లూ ఒకే గదిలో ఉంటే ఈ ఒక్క ప్రశ్న మీద అరగంట వాదించుకుంటారు. ఆసుపత్రి వరండాలో అరగంట అంటే చిన్న విషయం కాదు.

కష్టంలో ఉన్నవాళ్లకు సరదా ప్రశ్నలు పంపడాన్ని చాలామంది టైంపాస్ అని తీసిపారేస్తారు. కొందరైతే ఇది పరాచికాల సమయమా అని కోప్పడతారు. ఆ కోపంలో న్యాయం ఉన్న సందర్భాలు లేకపోలేదు, వాటి సంగతి తర్వాత వస్తుంది. అయితే ఈ చిన్న అలవాటు ఎందుకు పనిచేస్తుందో చూస్తే, దానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదనిపిస్తుంది. చుట్టూ ఉన్నవన్నీ జవాబు లేని ప్రశ్నలైనప్పుడు, జవాబు ఖచ్చితంగా ఉన్న ఒక ప్రశ్నను చేతిలో పెట్టడం మనిషికి చేసే సాయమే. దాన్ని తెలుసుకోవచ్చు, దాని దగ్గర గెలవొచ్చు, ఓడిపోయినా ఏమీ పోదు. ఆ వారంలో అలాంటి విషయం ఆ మనిషికి ఇంకొకటి ఉండకపోవచ్చు.

మనసు పనిచేసే తీరులో కూడా దీనికి ఆధారం ఉంది. అప్పటికప్పుడు వాడుకునే జ్ఞాపకశక్తిని మనస్తత్వ శాస్త్రం పనిజ్ఞాపకం అంటుంది. ఫోన్ నంబరు విని, రాసుకునేదాకా నోట్లో అనుకుంటూ ఉంటామే, అదన్న మాట. 1974లో బ్రిటన్ శాస్త్రవేత్తలు అలాన్ బాడ్లీ, గ్రాహం హిచ్ దీని నిర్మాణాన్ని వివరించారు. ఇందులో మాటలను పట్టి ఉంచే భాగం వేరు, బొమ్మలను, చోటును పట్టి ఉంచే భాగం వేరు. రెండింటిలోనూ పట్టేది కొంచెమే. దిగులు అనేది చాలావరకు లోపల మనతో మనం మాట్లాడుకునే మాట. "అప్పు ఎట్లా తీర్చాలి, అప్పు ఎట్లా తీర్చాలి" అని అదే మాట గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది. క్విజ్ ప్రశ్న కూడా మాటల్లోనే వస్తుంది, మాటల్లోనే జవాబు వెతికిస్తుంది. రెండూ ఒకే గదిలో పడుకోలేవు. ప్రశ్న లోపలికి వచ్చినంతసేపు దిగులు గుమ్మం దగ్గర ఆగాలి. తిరిగి వస్తుంది, నిజమే. కానీ ఆ నాలుగు నిమిషాలు ఊపిరి తిరిగిన మనిషి మళ్లీ దిగులును మోయగలడు.

రెండో సంగతి కుతూహలం. 2009లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు అచ్చం ఇలాంటి క్విజ్ ప్రశ్నలే ఇచ్చి, వాటిని చదివేవాళ్ల మెదడును స్కాన్ చేశారు. జవాబు కోసం ఎదురుచూసేటప్పుడు, బహుమతి వస్తుందని ఆశపడినప్పుడు చురుకయ్యే భాగాలే చురుకయ్యాయి. డబ్బు ఆశ చూపిస్తే మెదడు ఎలా ముందుకు వంగుతుందో, 'ఎందుకో తెలుసా' అంటే కూడా అలాగే వంగుతుందన్న మాట. అదే పరిశోధనలో తేలిన ఇంకో విషయం ప్రశ్నలు పంపేవాళ్లకు బాగా పనికొస్తుంది. పూర్తిగా తెలిసిన ప్రశ్న మీద ఆసక్తి ఉండదు. బొత్తిగా తెలియని ప్రశ్న మీదా పెద్దగా ఉండదు. తెలిసీ తెలియనట్టు ఉన్న ప్రశ్న దగ్గరే కుతూహలం అన్నిటికంటే ఎక్కువ.

ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఎవరికి ఏ ప్రశ్న వేయాలో తెలిసిపోతుంది. కోవూరులో వరి పండించిన పెద్దాయనకు యూరప్ రాజధానుల పేర్లు అడిగితే ముఖం తిప్పుకుంటాడు. నెల్లూరు మొలగొలుకులు అనే వరి రకం గురించి అడిగితే ఆయనే గురువు, అక్కడ ప్రశ్నే లేదు. మధ్యలో ఉన్నది పట్టుకోవాలి. చేపల పులుసు తీసుకుందాం. నెల్లూరు చేపల పులుసులో చింతపండు, మామిడికాయ, టమాటా, కారం పడతాయి. ఈ నాలుగింటిలో పుట్టుకతో మన దేశానిది ఏది? ఈ ప్రశ్న ఏ వంటింట్లో వేసినా పని ఆగిపోతుంది. కారం అని ఒకరంటారు, చింతపండు కాక ఇంకేంటి అని ఇంకొకరంటారు. మామిడి ఒక్కటే ఇక్కడిది. మిరప, టమాటా రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి, మిరపను పోర్చుగీసువాళ్లు తెచ్చారు. చింత ఎప్పుడో పాతకాలంలో ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడింది. మిరపకాయ రాకముందు పులుసులో ఏం వేసేవాళ్లు? మిరియాలు. మరి ఆ పులుసు ఎలా ఉండేది? ఒక ప్రశ్న అడిగితే ఇంకో మూడు పుట్టుకొచ్చాయంటే ప్రశ్న మంచిదని గుర్తు.

రొయ్య కూడా అంతే. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు చెరువుల్లో ఇప్పుడు పెరుగుతున్న వనామీ మన సముద్రపు పిల్ల కాదు. లాటిన్ అమెరికాకు పడమటి వైపున ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది 2009లో, అంతకుముందు చెరువుల నిండా టైగర్ రొయ్యే. ఇక్కడి గిత్త అమెరికా ఖండానికి వెళ్లింది, అక్కడి రొయ్య ఇక్కడికి వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే పదో తరగతి పిల్లలు కూడా ఫోన్ పక్కన పెట్టి వింటారు.

పెద్దవాళ్ల దగ్గర మరో రకం ప్రశ్న బాగా నడుస్తుంది. జవాబు వాళ్ల లోపలే ఎక్కడో ఉంటుంది, పైకి రాదు. "నోటి దాకా వచ్చింది, పేరు రావట్లేదు" అంటామే, 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఈ స్థితిని పరీక్షించారు. పేరు గుర్తు రాకపోయినా అది ఏ అక్షరంతో మొదలవుతుందో, ఎంత పొడుగు మాటో మనుషులు చాలాసార్లు సరిగ్గానే చెప్పగలిగారు. చిన్నప్పుడు బలపంతో రాసిన రాతి పలక ఏ ఊరి రాయి అని అడిగితే డెబ్బై దాటిన అమ్మమ్మ, "మా తో మొదలవుతుంది, కొండల పక్క ఊరు" అని మొదలుపెట్టి చివరికి మార్కాపురం దగ్గర తేలుతుంది. ఆ దారిలో ఆమె బడి, పలక విరగ్గొట్టినందుకు తిన్న దెబ్బలు, పక్కన కూర్చున్న పిల్ల పేరు అన్నీ వచ్చేస్తాయి. అక్కడ అసలు సంపద జవాబు కాదు, ఆ దారే. మంచాన పడ్డ మనిషిని జబ్బు గురించి కాకుండా ఆమె జీవితం గురించి మాట్లాడించడానికి ఇంతకంటే తేలికైన ఉపాయం దొరకదు.

ఈ అలవాటు ఫోన్లతో వచ్చింది కాదు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని అడిగితే కనురెప్పలు అని చెప్పిన తరాలు ఎన్నో ఉన్నాయి. పొడుపు కథకు విడుపు ఉండి తీరాలి, విడుపు లేనిదాన్ని పొడుపు అనరు. కరెంటు లేని రోజుల్లో, వాన పట్టి బయటికి కదల్లేని రాత్రుల్లో పిల్లలను భయపడకుండా కూర్చోబెట్టింది ఇవే. ఈ తీరానికి అలాంటి రాత్రులు కొత్త కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఎక్కడో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి నేలను దాటుకుని, బంగాళాఖాతంలోకి వచ్చి మళ్లీ బలం పుంజుకుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు దగ్గర హైవే తెగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. ఇలాంటి రాత్రుల్లో ఫోన్ చార్జింగ్ దాచుకోవాలి, వీడియోలు చూడటానికి ఉండదు. నోటితో అడిగి నోటితో చెప్పే ప్రశ్న ఒక్కటే ఖర్చు లేనిది. పునరావాస కేంద్రంగా మారిన బడి గదిలో నాలుగు కుటుంబాలు కూర్చున్నప్పుడు పిల్లల్లో ఒకరు మొదలుపెడితే చాలు.

కరోనా రోజుల్లో ఇది ఫోన్లలోకి ఎక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు 2020 మార్చిలో బయటపడింది నెల్లూరులోనే. ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి వైరస్ ఉందని తేలాక, రాష్ట్రంలో అందరికంటే ముందు భయం అంటే ఏంటో చూసింది ఈ ఊరు. మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకుంది. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో చావు వార్తలు, ఆక్సిజన్ నంబర్లు, కషాయాల చిట్కాలు వస్తూ ఉండగా, మధ్యలో ఎవరో ఒకరు రోజుకొక ప్రశ్న పెట్టడం చాలా ఇళ్లలో మొదలైంది. ఆ గ్రూపుల్లో ఫోన్ ఎత్తాలంటేనే భయపడిన మనుషులకు, భయపడకుండా తెరవగలిగిన మెసేజ్ అదొక్కటే. ఈ చిన్న ప్రశ్నల విలువ ఏంటో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ అక్కర్లేదు.

ఇక కోపంలో ఉన్న న్యాయం సంగతి. దెబ్బ తగిలిన క్షణంలో క్విజ్ పనికిరాదు. మన సంస్కారం చెప్పే ఈ మాటకు ప్రయోగశాల కూడా సాక్ష్యం చెప్పింది. బ్రిటన్‌లో ఎమిలీ హోమ్స్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రమాదాలు, చావులు ఉన్న భయంకర దృశ్యాలను కొందరికి చూపించారు. తర్వాత అరగంటకు కొందరి చేత టెట్రిస్ అనే బొమ్మల అమరిక ఆట ఆడించారు, ఇంకొందరికి క్విజ్ ప్రశ్నలు ఇచ్చారు, మిగిలినవాళ్లను ఊరికే ఉంచారు. తర్వాత వారం రోజుల్లో ఆ దృశ్యాలు అనుకోకుండా కళ్ల ముందు మెదలడం టెట్రిస్ ఆడినవాళ్లకు తగ్గింది. క్విజ్ ఆడినవాళ్లకు ఊరికే కూర్చున్నవాళ్లకంటే పెరిగింది. నాలుగు గంటల తర్వాత క్విజ్ ఇచ్చి చూసినప్పుడు నష్టం లేదు, లాభమూ లేదు. దీన్ని పరిశోధకులు వివరించిన తీరు పైన చెప్పిన రెండు గదుల లెక్కతో సరిపోతుంది. భయంకర దృశ్యం బొమ్మగా నాటుకుంటుంది. దాన్ని అడ్డుకోవాలంటే బొమ్మల గదిని వేరే పనిలో పెట్టాలి. క్విజ్ మాటల గదిని నింపుతుంది. జరిగినదాన్ని మాటల్లో పెట్టుకుని అర్థం చేసుకునే అవకాశాన్నే అది మూసేస్తుంది.

కాబట్టి హైవే మీద ప్రమాదం చూసి వణికిపోతున్న మనిషికి, శవం ఇంకా ఇంట్లో ఉన్న కుటుంబానికి ప్రశ్నలు పంపకూడదు. అక్కడ కావలసింది పక్కన కూర్చునే మనిషి, మంచినీళ్లు, చెబితే వినే చెవి. క్విజ్ ఎదురుచూపులకు మందు. దెబ్బకు కాదు. ఈ తేడా తెలియక చాలామంది మంచి మనసుతోనే తప్పు చేస్తారు.

ఆశ్చర్యం ఏమిటంటే మహాభారతంలో ఈ వరస సరిగ్గా ఉంది. యక్షప్రశ్నల ఘట్టంలో నలుగురు తమ్ముళ్లూ కొలను గట్టున పడి ఉంటారు. ధర్మరాజు రాగానే ప్రశ్నలు మొదలు కావు. ముందు ఆయన తమ్ముళ్లను చూసి విలపిస్తాడు. ఆ తర్వాతే యక్షుడు అడగడం, ఆయన జవాబులు చెప్పడం. గాలికంటే వేగమైనది ఏది అంటే మనసు అంటాడు. గడ్డికంటే దట్టంగా పెరిగేది ఏది అంటే చింత అంటాడు. దుఃఖంలో ఉన్న మనిషి నోటితోనే చింత గురించి చెప్పించిన ఆ ప్రశ్న ఎంత లోతైనదో! ఈ ఘట్టాన్ని తెలుగులోకి తెచ్చిన కవి కూడా ఈ ప్రాంతం వాడే. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు, నెల్లూరు తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన భాగాన్ని 14వ శతాబ్దంలో అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన పూరించాడు. యక్షప్రశ్నలు ఆ భాగంలోవి. ఈ మూడు ముక్కల లెక్క కూడా మంచి క్విజ్ ప్రశ్నే. తిక్కన పేరు చెప్పి పొరబడేవాళ్లు నెల్లూరులో కోకొల్లలు.

పొరబాటు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే కష్టంలో ఉన్న మనిషికి ఓడిపోవడం అనేది సున్నితమైన విషయం. పొట్టి శ్రీరాములు ఎక్కడ పుట్టారు అని నెల్లూరులో అడిగితే, జిల్లాకే ఆయన పేరు ఉంది గనుక నెల్లూరు అని ఠక్కున చెబుతారు. ఆయన 1901లో పుట్టింది మద్రాసులో. పూర్వీకులది కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లె. ఇంత ధీమాగా చెప్పిన జవాబు తప్పని తేలితే, సరైన జవాబు మనసులో గట్టిగా నాటుకుంటుందని 2001లో జానెట్ మెట్‌కాఫ్, ఆమె సహ పరిశోధకుడు చూపించారు. తడబడుతూ చెప్పిన తప్పుకంటే ధీమాగా చెప్పిన తప్పే త్వరగా దిద్దుకుంటుందట. ఆ ఆశ్చర్యమే గురువు. అయితే ఆ ఆశ్చర్యం మిగలాలంటే పక్కవాళ్లు నవ్వకూడదు. "ఇది కూడా తెలీదా, డిగ్రీ చదివావు కదా" అన్న మాట ఒక్కటి పడితే ఆ మనిషి మళ్లీ ఆ గ్రూపులో నోరు తెరవడు. ఉద్యోగం పోయిన కుర్రాడు, పరీక్ష తప్పిన పిల్ల, ఎవరూ పాట పాడక నో బిడ్ అయిన పొగాకు బేళ్లతో వేలం కేంద్రం నుంచి తిరిగొచ్చిన రైతు, వీళ్లు బయట ప్రపంచంలో అప్పటికే మార్కులు వేయించుకుని వచ్చారు. ఇంట్లో ఆడే ఆటలో కూడా మార్కులు, ర్యాంకులు ఎందుకు? పాయింట్ల పట్టిక పెట్టకుండా ఉండటమే మంచిది. టీవీ క్విజ్‌లో ఉండే గడియారం చప్పుడు, ఎలిమినేషన్, 'లాక్ చేయమంటారా' అనే టెన్షన్ చూడటానికి బాగుంటాయి. మంచం పక్కన అవి అక్కర్లేదు.

విషయాన్ని ఎంచుకోవడంలో కూడా దయ ఉండాలి. తుపాను రాత్రి తుపాన్ల చరిత్ర అడగకూడదు. పొగాకు రైతుకు పొగాకు ప్రశ్న, రొయ్యల చెరువు వైరస్‌తో పోయినవాడికి రొయ్య ప్రశ్న ఆ వారంలో వద్దు. గుండె ఆపరేషన్ అయినవాడికి గుండెకు ఎన్ని గదులు అని అడగడం తెలివితక్కువ. నొప్పి ఉన్న చోటికి దూరంగా, ఆ మనిషి ఇష్టపడే చోటికి దగ్గరగా ఉండాలి. శ్రీహరికోట రాకెట్లను మేడ మీద నుంచి చూసిన జనానికి రాకెట్ ప్రశ్నలు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. 1979 ఆగస్టులో తొలి ఎస్ఎల్వీ-3 సముద్రంలో పడిపోయింది, 1980 జూలై 18న రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మధ్యలో ఎన్ని నెలలు పట్టింది అని అడిగితే లెక్క కట్టుకుని పదకొండు అంటారు. ఏడాది కూడా తిరగలేదా అని వాళ్లే ఆశ్చర్యపోతారు. ఓడిపోయినవాడు విన్నా ఈ లెక్క గుచ్చుకోదు.

అబద్ధం పంపకపోవడం ఇంకో బాధ్యత. జనగణమనను యునెస్కో ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయ గీతంగా ప్రకటించిందని ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ శుద్ధ అబద్ధం. మన జాతీయ క్రీడ హాకీ అని పాఠాల్లో చదువుకున్నాం గానీ, అలా ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది లేదు. జవాబు గట్టిగా నిలబడుతుందనే నమ్మకమే ఈ ఆటకు ప్రాణం. ఆ నమ్మకం పోతే చేతిలో పెట్టిన ప్రశ్న కూడా మిగతా ప్రశ్నల్లాంటిదే అయిపోతుంది. కాలంతో మారే జవాబులతో మరీ జాగ్రత్త. శ్రీహరికోట ఏ జిల్లాలో ఉంది అంటే 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు, ఆ తర్వాత తిరుపతి. కందుకూరు 1970 దాకా నెల్లూరు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో చేరింది. ఏ సంవత్సరం నాటి మాటో ప్రశ్నలోనే చెప్పకపోతే తాతకూ మనవడికీ ఇద్దరికీ కోపాలొస్తాయి, ఇద్దరూ చెప్పింది నిజమే అయినా.

ఎప్పుడు పంపాలి అన్నదానికి ఎక్కువ ఇళ్లలో దానంతటదే కుదిరిన పద్ధతి ఒకటుంది. సాయంత్రం ప్రశ్న, పొద్దున జవాబు. కష్టకాలంలో రాత్రి పొడుగ్గా ఉంటుంది, మర్నాడు అనే మాటకే భయం వేస్తుంది. రేపు పొద్దున తెలుసుకోవలసింది ఒకటుంది, అది చెడ్డ వార్త కాదు అన్న చిన్న సంగతి ఆ రాత్రికి కొంచెం ఊతమిస్తుంది. ఫోన్‌లో వెతికితే జవాబు క్షణంలో దొరుకుతుంది గదా అంటే, దొరుకుతుంది. వెతుక్కోనివ్వండి. "వెతికి చూశాను" అని ఒప్పుకుంటూ పెట్టే మెసేజ్ కూడా ఆ మనిషి ఆ రోజు పెట్టిన మొదటి మెసేజ్ కావచ్చు. ఒకేసారి పది ప్రశ్నలు కుమ్మరించడం మాత్రం చెడగొడుతుంది. అది పరీక్ష పేపరు అయిపోతుంది.

డయాలసిస్ గదిలో ఈ పద్ధతి బాగా కుదురుతుంది. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు. ఒక చెయ్యి కదల్చకూడదు. చాలాచోట్ల అవే రోజులు, అవే బెడ్లు, పక్కన అవే మనుషులు. సోమవారం అడిగిన ప్రశ్నకు బుధవారం జవాబు చెప్పుకోవచ్చు. మొదటి వారం మాట్లాడని మనిషి రెండో వారం జవాబు తప్పు చెబుతాడు. మూడో వారం సరిగ్గా చెప్పి అవతల బెడ్డు వైపు చూస్తాడు. ఆ తర్వాత ఒక రోజు సూది గుచ్చుతున్న నర్సుతో, "అమ్మాయ్, రొయ్యకు నడిచే కాళ్లు ఎన్ని జతలో చెప్పు చూద్దాం" అంటాడు. ముప్పై ఏళ్లు చెరువు గట్ల మీద తిరిగినవాడు. ఆ అమ్మాయి నాలుగంటుంది, అవతల బెడ్డాయన ఎనిమిదంటాడు. ఐదు జతలని ఆయన ఒక్కడికే తెలుసు. చెప్పడు, బుధవారం దాకా ఆగమంటాడు.